ఊళ్లు కలిసిపోతే ఊరి మాట ఎవరు చెప్తారు?

ప్రశ్న: మా గోరంట్ల 2012లో గుంటూరు కార్పొరేషన్‌లో కలిసింది. ఊరికి సర్పంచి లేడన్న వెలితి మా మామగారికి ఇప్పటికీ తీరలేదు. మొన్న మా అమ్మాయి గ్రీసు ఫొటోలు చూపించి, అక్కడి కొండల్లో 46 ఊళ్లకు ఒకటే మున్సిపాలిటీ అంది. మరి అక్కడ ఊరి మాట ఎవరు వింటారండీ?
– ఒక గృహిణి, గోరంట్ల

జవాబు: అమ్మా, అది జగోరి. గ్రీసు వాయవ్య మూలన, ఎపిరస్ ప్రాంతంలో, పిండస్ కొండల్లో ఉంది. ఇళ్లకు గోడలే కాదు, కప్పులూ రాతి పలకలే. 2023లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పంచాయతీ కొలువులో జీవితం గడిపినవాణ్ణి, నా మనసు మాత్రం వాళ్ల పాలన మీదికే పోతుంది.

2010లో గ్రీసు ‘కల్లిక్రాటిస్’ చట్టం తెచ్చి, వెయ్యికి పైగా ఉన్న స్థానిక సంస్థలను 325కు కుదించింది. అలా 2011లో జగోరిలో ఐదింటిని కలిపి ఒక్కటి చేశారు. ఆఫీసు అస్ప్రాంగెలీ అనే ఊళ్లో. విస్తీర్ణం సుమారు 990 చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం 2011 లెక్కల్లో 4 వేలు కూడా లేరు! అంత చోటికి, అంత కొద్దిమందికి రోడ్డు వేయడం, నీళ్లివ్వడం ఎంత భారమో నాకు తెలుసు.

అయినా ఊరి గొంతు నొక్కేయలేదు. మేయరు ఎన్నికలప్పుడే చిన్న ఊరు కూడా తన తరఫున ఒక మనిషిని ఎన్నుకుంటుంది. ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది: పొట్టకూటికి ఏథెన్స్ వెళ్లి స్థిరపడినా, పేరు సొంతూరి పట్టీలో ఉంటే ఓటు ఆ ఊళ్లోనే. ఆగస్టు 15న మేరీమాత పండక్కి మన సంక్రాంతికి వచ్చినట్టే వస్తారు, క్లారినెట్ పాటలకు రాత్రంతా ఆడతారు.

ఊరు వదిలినవాళ్లు ఊరిని పట్టించుకోవడం అక్కడ పాత అలవాటే. వలస వెళ్లి సంపాదించిన వర్తకులు బళ్లు, వంతెనలు కట్టించారు. కిపీ దగ్గరి కొక్కోరిస్ వంతెన 1750లో ఒక దాత సొమ్ముతో కట్టిందే, ఒకే కమాను, ఇప్పటికీ నిలిచి ఉంది. ఊరి పైనున్న వాలులో కొన్ని అడవులను దేవుడి పేర కట్టడి చేసి గొడ్డలి పెట్టనిచ్చేవారు కాదు, కొండ విరిగి ఊరి మీద పడకుండా. ఏ ఆఫీసూ చెప్పకముందే ఊళ్లు పెట్టుకున్న కట్టుబాటది.

ఇక మీ మామగారి వెలితి సంగతి. రాజ్యాంగం 243ఎస్ అధికరణం ప్రకారం 3 లక్షలు, అంతకు పైబడి జనాభా ఉన్న పట్టణ సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలి. గుంటూరు ఆ లెక్కలోకి వస్తుంది. మీ వార్డు ఏ కమిటీ కిందికి వస్తుందో, అందులో ఎవరెవరున్నారో చెప్పమని కమిషనర్ గారికి అర్జీ రాయించండి. పెద్దాయన చేతే సంతకం పెట్టించి, రసీదు తీసుకోండి.