పైథాన్‌లో డిస్క్ ఖాళీ లెక్క: మొత్తం, వాడినది, మిగిలినది ఎందుకు సరిపోవు?

ప్రొద్దుటూరులోని మీ స్టూడియోలో ఉబుంటు కంప్యూటర్ నుంచి పెళ్లి వీడియోలను 1 టెరాబైట్ బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించే పైథాన్ ప్రోగ్రాం రాసుకుంటున్నానని చెప్పారు. అదనపు ప్యాకేజీ ఏదీ వేయకుండా డిస్క్‌లో ఖాళీ ఎంతుందో ఎలా తెలుసుకోవాలని, వాడిన స్థలాన్నీ ఖాళీ స్థలాన్నీ కూడితే మొత్తానికి దాదాపు 46 జీబీ ఎందుకు తగ్గుతోందని, ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుండగానే స్థలం లేదన్న ఎర్రర్ ఎందుకు వచ్చిందని అడిగారు. కడపలో పాత రికార్డులను స్కాన్ చేసి భద్రపరిచే చోట సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం కాబట్టి ఈ మూడు సందేహాలూ నాకు బాగా పరిచయమైనవే. నా అనుభవంలో రెండోదానికీ మూడోదానికీ కారణం చాలాసార్లు ఒకటే అవుతుంది.

మొదటిదానికి షుటిల్ మాడ్యూల్‌లోని డిస్క్_యూసేజ్ ఫంక్షన్ చాలు. పైథాన్ 3.3 నుంచి ఉన్న ఈ ఫంక్షన్‌ను లినక్స్‌లోనూ విండోస్‌లోనూ ఒకేలా పిలవవచ్చు. డిస్క్ మౌంట్ అయిన, అంటే సిస్టమ్‌కు జోడై కనిపించే, ఫోల్డర్ పాత్ ఇస్తే టోటల్, యూజ్డ్, ఫ్రీ అనే మూడు విలువలను బైట్లలో ఇస్తుంది. ఆ టోటల్ డిస్క్ పెట్టె మీద ముద్రించిన అంకెతో సరిపోదు. తయారీదారులు టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. దాన్ని 1024తో మూడుసార్లు భాగిస్తే సుమారు 931 జీబీ వస్తుంది. డిస్క్‌ను ఎక్స్‌ట్4లో (లినక్స్‌లో సాధారణంగా వాడే ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) మామూలు సెట్టింగులతో ఫార్మాట్ చేసి ఉంటే, ఆ ఫైల్ సిస్టమ్ తన సొంత పట్టికల కోసం తీసుకున్నది పోగా మీకు 916 దరిదాపుల్లో కనిపిస్తుంది.

ఇక ఆ 46 జీబీ సంగతి. ఎక్స్‌ట్4 ఫార్మాట్ అయ్యేటప్పుడు, ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే, స్థలంలో 5 శాతాన్ని రూట్ యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న నిర్వాహక ఖాతా) కోసం పక్కన పెడుతుంది. 931లో 5 శాతం అంటే సరిగ్గా మీకు తగ్గుతున్న మొత్తమే. ఇది బయటపడాలంటే డిస్క్_యూసేజ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. లినక్స్‌లో అది ఓఎస్.స్టాట్‌వీఎఫ్ఎస్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ ఇచ్చే వివరాల్లో ఖాళీకి సంబంధించినవి రెండు వేర్వేరుగా ఉంటాయి: ఎఫ్_బీఫ్రీ అన్నది ఎవరూ వాడని బ్లాకులన్నిటి (డిస్క్ స్థలాన్ని విభజించిన చిన్న ముక్కల) సంఖ్య, ఎఫ్_బీఅవైల్ అన్నది రూట్ కాని మామూలు యూజర్‌కు దక్కే బ్లాకుల సంఖ్య. యూజ్డ్‌ను లెక్కించడానికి మొత్తం బ్లాకుల నుంచి మొదటిదాన్ని తీసివేస్తారు, ఫ్రీని మాత్రం రెండోదాని నుంచి తీసుకుంటారు. అందువల్ల పక్కన పెట్టిన భాగం వాడిన స్థలంలోకీ రాదు, ఖాళీలోకీ రాదు. మీ ప్రోగ్రాంలో టోటల్ నుంచి యూజ్డ్‌ను తీసివేసి దాన్నే ఖాళీగా చూపిస్తున్నట్లయితే, డిస్క్ మీ యూజర్‌కు పూర్తిగా నిండిపోయాక కూడా తెర మీద 46 జీబీ మిగిలే ఉంటుంది. తీసివేతతో పని లేకుండా ఫ్రీ విలువను నేరుగా వాడండి. అదే ప్రోగ్రాంను సుడోతో, అంటే రూట్ అధికారంతో, నడిపినప్పుడు కాపీ సాఫీగా సాగి, మామూలుగా నడిపినప్పుడు ఆగిపోతే కారణం ఇదేనని దాదాపుగా తేల్చుకోవచ్చు. వీడియోలు దాచుకోవడానికి మాత్రమే వాడే డిస్క్‌కు అంత రిజర్వు అక్కర్లేదని నా అభిప్రాయం. ట్యూన్2ఎఫ్ఎస్ ఆజ్ఞతో దాన్ని 1 శాతానికి తగ్గించుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్ జోలికి మాత్రం వెళ్లకండి.

స్థలం లేదన్న ఎర్రర్‌కు ఇంకొక కారణం కూడా ఉంది, అది మా పనిలో ఎక్కువగా తగులుతుంది. స్కాన్ చేసిన ప్రతి పేజీకి అసలు చిత్రంతో పాటు ఒక చిన్న థంబ్‌నెయిల్, ఒక టెక్స్ట్ ఫైలు తయారవుతాయి. ఒక సర్వర్‌లో సగానికి పైగా స్థలం ఉండగానే కొత్త ఫైలు ఏదీ తీసుకోవడం మానేసింది. చూస్తే ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలు వివరాలను నమోదు చేసుకునే గళ్లు, అయిపోయాయి. బీరువాలో చోటున్నా రిజిస్టరులో పేజీలు లేకపోతే కొత్త దస్త్రాన్ని ఎక్కించలేనట్టే, ఐనోడ్ దొరకనిదే ఫైల్ సిస్టమ్ కొత్త ఫైలును పుట్టించలేదు. ఎక్స్‌ట్4 సాధారణంగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ సమయంలోనే కేటాయిస్తుంది, తర్వాత ఆ సంఖ్యను విడిగా పెంచుకోలేము. మీ డిస్క్‌కు ఆ లెక్కన 6 కోట్ల పైచిలుకు ఉంటాయి. పెళ్లి వీడియోలతో అవి అయిపోవు కాని, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రివ్యూ ముక్కలను కూడా అక్కడే దాస్తుంటే గమనించడం మంచిది. డిస్క్_యూసేజ్ ఈ సంగతి చెప్పదు, ఓఎస్.స్టాట్‌వీఎఫ్ఎస్‌లోని ఎఫ్_ఫైల్స్ (మొత్తం ఐనోడ్లు), ఎఫ్_ఎఫ్అవైల్ (మామూలు యూజర్‌కు మిగిలినవి) చూడాలి. బీటీఆర్‌ఎఫ్ఎస్‌లోనూ ఫ్యాట్32లోనూ (ఇవి వేరే ఫైల్ సిస్టమ్‌లు) ఎఫ్_ఫైల్స్ సున్నాగా వస్తుంది కాబట్టి, శాతం కట్టేముందు అది సున్నానా అన్న పరీక్ష పెట్టకపోతే సున్నాతో భాగించిన ఎర్రర్ వస్తుంది. విండోస్‌లో స్టాట్‌వీఎఫ్ఎస్ అసలే లేదు.

మీరు అడగకపోయినా అన్నిటికంటే ప్రమాదకరమైనది మౌంట్ విషయం. మన వైపు ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ తిరిగి మొదలవుతుంది, బయటి డిస్క్ మాత్రం ఒక్కోసారి మౌంట్ కాకుండా మిగిలిపోతుంది. అప్పటికీ ఆ మౌంట్ ఫోల్డర్ ఖాళీగా అక్కడే ఉంటుంది. దాని పాత్‌ను డిస్క్_యూసేజ్‌కు ఇస్తే ఎర్రర్ రాదు. ఆ ఫోల్డర్ ప్రస్తుతం ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో దాని లెక్క, అంటే మీ లోపలి డిస్క్ లెక్క, నిక్షేపంగా ఇస్తుంది. నాకు తెలిసిన ఒక స్టూడియోలో ఇలాగే రాత్రి బ్యాకప్ అంతా లోపలి డిస్క్‌లోకి పడి, పొద్దున్నకు కంప్యూటర్‌లో లాగిన్ కావడమే కష్టమైంది. కాబట్టి కాపీ మొదలుపెట్టే ముందు ఓఎస్.పాత్.ఈజ్‌మౌంట్‌తో ఆ ఫోల్డర్ నిజంగా మౌంట్ పాయింటేనా అని అడిగి, కాదంటే ప్రోగ్రాంను అక్కడే ఆపేయండి. ఒక్క వరుస కోడ్.

ఏ ఫోల్డర్ ఎంత స్థలం తింటోందో చూడాలనుకుంటే ఓఎస్.స్కాన్‌డిర్ వాడండి. పైథాన్ 3.5లో వచ్చిన ఈ ఫంక్షన్ ఫోల్డర్‌ను చదివేటప్పుడే ప్రతి ఎంట్రీ ఫైలా ఫోల్డరా అన్నది కూడా పట్టుకొస్తుంది కనుక, లిస్ట్‌డిర్‌తో పేర్లు తెచ్చి ఒక్కొక్కదానికీ మళ్లీ స్టాట్ (ఫైలు వివరాలు తెచ్చే ఫంక్షన్) పిలిచే పద్ధతి కంటే బాగా వేగంగా ఉంటుంది. ఓఎస్.వాక్ కూడా అప్పటి నుంచి లోపల దీన్నే వాడుతోంది. అయితే ఓఎస్.వాక్‌తో ఒక చిక్కు ఉంది: అనుమతి లేని ఫోల్డర్ తగిలితే అది ఏమీ చెప్పకుండా దాటిపోతుంది, మీ మొత్తం తక్కువగా వస్తుంది. ఆన్‌ఎర్రర్ అనే ఆర్గ్యుమెంట్‌కు మీ ఫంక్షన్ ఒకటి ఇస్తే అలా దాటిన ఫోల్డర్లు తెలుస్తాయి. సైజు కోసం స్టాట్ వివరాల్లోని ఎస్‌టీ_సైజ్‌ను కూడితే ఫైలులో ఉన్న బైట్ల లెక్క వస్తుంది. డిస్క్ మీద ఆక్రమించిన స్థలం కావాలంటే ఎస్‌టీ_బ్లాక్స్‌ను 512తో హెచ్చించాలి. చిన్న ఫైళ్లు ఎక్కువ ఉన్నచోట ఈ రెండింటికీ తేడా బాగానే కనిపిస్తుంది.

డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉందో చెప్పే ఫంక్షన్ మాత్రం స్టాండర్డ్ లైబ్రరీలో నేరుగా లేదు. లినక్స్‌లో ప్రాక్ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఉండే మౌంట్స్ ఫైలును తెరిచి చదువుకోవాలి. దానిలో ప్రతి వరుసలో డివైస్, మౌంట్ పాయింట్, ఫార్మాట్ పేరు వరుసగా ఉంటాయి. మౌంట్ పాయింట్ పేరులో ఖాళీ ఉంటే అక్కడ బ్యాక్‌స్లాష్ 040 అని రాసి ఉంటుంది, దాన్ని మీరే మార్చుకోవాలి.

ముందు ఎంత పరీక్షించినా, కాపీ జరుగుతుండగా వేరే ప్రోగ్రాం అదే డిస్క్‌లో రాయవచ్చు. అందువల్ల కాపీ చేసే భాగాన్ని ట్రైలో పెట్టి ఓఎస్‌ఎర్రర్‌ను పట్టుకుని, దాని ఎర్‌నో విలువను (ఎర్రర్ సంఖ్యను) తప్పక లాగ్‌లో రాయించండి. లినక్స్‌లో 28 వస్తే స్థలమో ఐనోడ్లో అయిపోయినట్టు. 27 వస్తే ఫైలు ఆ ఫార్మాట్ ఒప్పుకునే పరిమితిని దాటినట్టు, ఫ్యాట్32లో 4 జీబీ మించిన వీడియోకు వచ్చేది ఇదే. 122 వస్తే మీ యూజర్‌కు పెట్టిన కోటా ముగిసినట్టు. మీకు వచ్చినది వీటిలో ఏదో, దానితో పాటు స్టాట్‌వీఎఫ్ఎస్ ఇచ్చిన విలువలు ఏమిటో ఇక్కడ రాస్తే మిగతాది చూద్దాం.