ఘాతాంకాల పాఠం రాస్తున్న చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

నువ్వు పంపిన పాఠం శ్రద్ధగా చదివాను. మొదటి పేజీలోనే ఘాతాంక న్యాయాలన్నీ ఒక పెట్టెలో పెట్టేశావు. పిల్లలు వాటిని బట్టీ పడతారు, పరీక్ష టెన్షన్‌లో ఒకదానితో ఒకటి కలిపేస్తారు. ఆ పెట్టెను పాఠం చివరికి తీసుకెళ్లు.

ముందు 2³, 2², 2¹ విలువలు వరసగా రాయించు: 8, 4, 2. ఘాతాంకం, అంటే 2 పైన చిన్నగా రాసే సంఖ్య, ఒకటి తగ్గినప్పుడల్లా విలువ సగమవుతోందని వాళ్లే పట్టుకుంటారు. అలాగే దిగితే 2⁰ అంటే 1, 2⁻¹ అంటే 1/2. రుణ గుర్తు ఘాతాంకంలో ఉంటే జవాబు రుణ సంఖ్య అయిపోదు, వ్యుత్క్రమం (1ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది) వస్తుందని అప్పుడు చెప్పు, నమ్ముతారు. భిన్నానికీ ఇదే దారి. 9^(1/2)ను దానితోనే గుణిస్తే ఘాతాంకాలు కూడి (1/2 + 1/2 = 1) 9 రావాలి కదా? అలాంటి ధన సంఖ్య 3. అంటే అది వర్గమూలమే. గుణించేటప్పుడు ఘాతాంకాలను కూడే పాత న్యాయం చెడకూడదనే ఈ అర్థాలు ఇచ్చారు. పాఠానికి ప్రాణం ఈ మాటే. నీ రాతప్రతిలో అది ఎక్కడా లేదు.

1676లో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్‌కు చేరాలని రాసిన లేఖలో న్యూటన్, మూలాలకు భిన్న ఘాతాంకాలు, వ్యుత్క్రమాలకు రుణ ఘాతాంకాలు వాడుతున్నానని విడమరిచి చెప్పాడు. లైబ్నిజ్ అంతటివాడికే వివరణ ఇచ్చినప్పుడు, తొమ్మిదో తరగతి పిల్లలకు మనం ఇవ్వకపోతే ఎలా?

నీ లెక్క (16క⁻⁴)^(−3/4) చాలా బాగుంది, కానీ ఒక్క గంతులో జవాబుకు వెళ్లిపోయావు. 16ను, క⁻⁴ను విడదీయి. 16కు నాలుగో మూలం 2, దాని ఘనం 8, వ్యుత్క్రమం 1/8. మూలమే ముందు తీయమను. ముందు ఘనం చేస్తే 4096 వస్తుంది, దానికి నాలుగో మూలం వెతకలేక పిల్లలు పెన్ను కింద పెట్టేస్తారు. ఇక −4ను −3/4తో గుణిస్తే 3. జవాబు క³/8. క ధన సంఖ్య అని లెక్కలోనే రాయి. ఆ షరతు లేకపోతే (క²)^(1/2)ను కళ్లు మూసుకుని క అనేస్తారు. క విలువ −3 అయితే వచ్చేది 3.

ఇంకొకటి. (క+గ)⁻¹ను క⁻¹+గ⁻¹గా విడగొట్టే పొరపాటుకు ఒక పేరా పూర్తిగా కేటాయించు. రెండింటికీ 1 ఇచ్చి చూడమను: ఒకవైపు 1/2, రెండోవైపు 2.

అభ్యాసంలో లెక్కలు సగానికి తగ్గించి, తిరగరాసిన పాఠం పంపు. చదవాలని ఎదురుచూస్తుంటాను.

మీ అన్నయ్య