లేయర్ కట్ నిలబెట్టుకోవడం ఎలాగో, మా అమ్మడికి

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ జుట్టులో పైన పొట్టిగా, కిందికి పొడుగ్గా వరసలుగా కత్తిరించిన లేయర్లు ఎక్కడికీ పోలేదు, అణిగిపోయాయి అంతే. నెలనెలా గుణుపూర్ నుంచి బరంపురం రావడం అయ్యే పని కాదు కాబట్టి ఇంట్లో ఏం చేసుకోవాలో రాస్తున్నాను. ఇన్నేళ్లు పార్లర్లో కత్తెర పట్టినదాన్ని, నా మాట విను.

జుట్టు నెలకి ఇంచుమించు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. వెనక పొడుగు లేయర్లలో ఆ తేడా తెలియదు. గడ్డం దగ్గర ఆగాల్సిన ముందు పాయ మాత్రం రెండు నెలలకి అంగుళం కిందికి దిగుతుంది, ముఖం కళే మారిపోతుంది. అందుకని 6 నుంచి 8 వారాలకోసారి ముందువి మాత్రం అక్కడే ఏ పార్లర్లోనైనా సరి చేయించుకో. వెనకవి మూడు నెలలు ఆగినా పర్వాలేదు. ‘ట్రిమ్మింగే, కొత్త కట్ వద్దు’ అని కూర్చోకముందే చెప్పు. ఎంత తియ్యాలో వేలు పెట్టి చూపించు. ‘కొంచెం’ అంటే ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కొలత.

అన్నిటికన్నా ముఖ్యం, కుదుళ్లు తేలిగ్గా ఉండాలి, కొసలు ఎండిపోకూడదు. ఈ కట్‌కి ఎత్తు ఇచ్చేవి నడినెత్తి మీది పొట్టి వెంట్రుకలే. వాటికి జిడ్డు పట్టిందా, నెత్తికి అతుక్కుపోతాయి. షాంపూ కుదుళ్లకి రుద్దు, కండిషనర్ చెవుల కిందినుంచే పెట్టు. నూనె మానేయమంటే మీ అమ్మ ఊరుకోదు, నేనూ అనను. తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాస్తే కడిగేటప్పుడు జుట్టులోని ప్రొటీన్ అంతగా పోదు. గంటసేపు ఉంచి కడిగెయ్యి. తలస్నానం అయ్యాక మాత్రం పైన నూనె చెయ్యి పెట్టకు.

తడి జుట్టు సాగి తెగుతుంది, టవల్‌తో రుద్దకు. పాత నూలుబట్టతో ఒత్తుకుని, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకో. ముప్పాతిక వంతు ఆరాక వేడి తట్టుకునే స్ప్రే కొట్టి, తల ముందుకి వంచి కుదుళ్లకి డ్రయ్యర్ పట్టు. ఆ తర్వాత ముందు పాయని గుండ్రటి బ్రష్‌కి చుట్టి, ముఖానికి దూరంగా వెనక్కి తిప్పి, ముందు వేడి గాలి, వెంటనే చల్లగాలి ఇవ్వు. పాయ చేతికి చల్లగా తగిలాకే బ్రష్ మెల్లగా జార్చు. ఆకారం కుదురుకునేది చల్లారేటప్పుడే. చాలామంది తొందరపడి ఇక్కడే చెడగొట్టుకుంటారు. డ్రయ్యర్ లేని రోజు ఆ రెండు పాయలకి రోలర్లు చుట్టుకుని టిఫిన్ పని చూసుకో.

రథయాత్ర రోజులొచ్చాయంటే గాలి నిండా తేమే. ఆ తేమ జుట్టులోకి దిగి నువ్వు చేసిన సెట్టింగంతా విప్పేస్తుంది. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి ఇక్కడ మా కస్టమర్లదీ ఇదే గోల. రెండు చుక్కల సీరమ్ కొసలకి రాసి, వెనక క్లచ్ పెట్టి, ముందు పాయలు వదిలెయ్యి. అదీ నీకు బాగుంటుంది, టెన్షన్ పడకు.

పడుకునేటప్పుడు బిగుతు జడ వద్దు, మడత పడిపోతుంది. అమ్మ దగ్గర చిరిగిన బరంపురం పట్టుచీర ఉంటే దిండుగలీబు కుట్టించుకో, జుట్టుకి రాపిడి తగ్గుతుంది.

ఇంట్లో కత్తెర మాత్రం ముట్టుకోకు. కాగితాలు కోసే కత్తెర మొద్దు, వెంట్రుకని నలిపేస్తుంది, కొస చీలుతుంది. పైగా పాయని ఏ కోణంలో ఎత్తి పట్టామో దాన్నిబట్టే లేయర్ పడుతుంది, నీ తల వెనక నీకు ఆ కోణం దొరకదు.

ఈసారి నా దగ్గరికి వచ్చేటప్పుడు నూనె పెట్టుకోకు. ముందురోజు షాంపూతో తలస్నానం చేసి, రోజూ పాపిడి ఎటు తీస్తావో అటే తీసుకుని రా. అది చూశాకే ఎంత తియ్యాలో చెప్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ