చెరకు రైతు ఇంట్లో తీపి తగ్గించిన మూడు సంక్రాంతులు

దసరా నుంచి సంక్రాంతి దాకా ఇంటిల్లిపాదీ తీపి లేకుండా ఎట్లా గడపాలి, చుట్టాల ఇళ్ళలో ఏం చెప్పాలి, పిల్లల్ని ఎట్లా ఆపాలి అని అడిగారు. మాది నెల్లూరు. మూడేళ్ళుగా ఈ తంటాలు పడుతున్నాం. మొదటి ఏడు బాగా తప్పులు చేశాం కాబట్టి ఎక్కువగా వాటి గురించే రాస్తాను.

మా నాయన కోవూరు వైపు చెరకు వేసిన మనిషి. కోవూరు షుగర్ ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో అక్కడికి చెరకు తోలిన వాళ్ళలో ఆయనా ఒకడు. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. "ఊళ్ళో షుగర్ పోయింది, నా ఒంట్లోకి వచ్చింది" అని ఆయనే నవ్వుతుంటాడు. మూడేళ్ళ కింద హెచ్‌బీఏ1సీ చేయిస్తే 8.9 వచ్చింది. ఇది రక్తంలో చక్కెర రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, 6.5 నుంచి షుగర్ కింద లెక్క. పనిలో పనిగా నేనూ చేయించుకున్నాను. నాకు 6.1. అంటే 5.7కీ 6.4కీ మధ్య, షుగర్ గడప మీద నిలబడ్డట్టు. రిపోర్టులు రెండూ చూసి మా ఆవిడ ఒకటే మాట అంది: "మామయ్యకో వంట, మీకో వంట, పిల్లలకో వంట నా వల్ల కాదు. మానితే అందరం మానదాం."

కాఫీ, టీలలో చక్కెర తీసేయడం అనుకున్నంత కష్టం కాలేదు. పదిహేను రోజులకు అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ వచ్చాం. రెండు నెలలు తిరిగేసరికి బయట టీ తాగితే పాకం తాగినట్టు అనిపించేది. కష్టమంతా పండగల దగ్గరే వచ్చింది.

మొదటి గొడవ బెల్లం మీద. చక్కెర మానేస్తున్నామంటే మా అమ్మ సంతోషంగా ఒప్పుకుంది. "అవునబ్బయా, అన్నీ బెల్లంతో చేస్తాలే" అంది. మీ ఇంట్లోనూ ఈ మాట వినపడే ఉంటుంది. బెల్లంలో ఇనుము లాంటివి కాస్త ఉంటాయి, కాదనను. కానీ అందులో ఎక్కువ భాగం సుక్రోజే, చక్కెరలో ఉండేదీ అదే. ఈ మాట చెరకు పండించిన మనిషికి చెప్పి చూడండి! నాయన వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి ఇంట్లో షుగర్ చూసుకునే మీటరే తీర్పు చెప్పింది. పండగనాడు భోజనంలో రెండు అరిసెలు తిన్నాడు, రెండు గంటల తర్వాత చూస్తే 291. ముందు మీటరును తిట్టాడు. తర్వాత ఇంకో రోజు దాదాపు అదే భోజనం అరిసెలు లేకుండా తిని చూసుకుంటే 214. ఒక్కసారి చూసిన లెక్కతో ఏదీ తేలదని నాకూ తెలుసు, కానీ ఆయనకు అది చాలింది. తేనె, ఖర్జూరం కూడా ఈ బాపతే. ఖర్జూరంతో లడ్డు చేసి "ఇందులో చక్కెర లేదు" అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అరిసెల లెక్క చెప్తాను, ఎవరూ వేసి చూసుకోరు కాబట్టి. మా అమ్మ కొలత కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. కిలోకి యాభై దాకా అవుతాయి. అంటే ఒక్కో అరిసెలో 15 గ్రాముల బెల్లం, సుమారు మూడు చెంచాలు. బియ్యప్పిండి, నూనె దీనికి అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం విడిగా కలిపే తీపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపయితే ఇంకా మంచిది. ఆ 5 శాతం అంటే పెద్దవాళ్ళకు 25 గ్రాములు. రెండు అరిసెలతో అది దాటిపోతాం. మా అమ్మ ఏటా మూడు కిలోల బియ్యం నానబోసేది. నూట యాభై అరిసెలు. ఇంట్లో ఉండేది ఆరుగురం.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. పండగనాడు తిన్న తీపి మమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఆ రోజు ఆకులో పులిహోర, గారెలు, పప్పు, కూరలు అన్నీ ఉంటాయి, తీపి మహా అయితే ఒకటో రెండో తింటాం. మా కొంప ముంచింది అటక మీదుండే స్టీలు డబ్బాలు. కనుమ మర్నాటి నుంచి టీతో ఒకటి, టీవీ ముందు ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి. రథసప్తమి దాకా ఇదే వరస. మనవి అయిపోతే పక్కింటి వాళ్ళవి ఉంటాయి. మనం పది పంపితే వాళ్ళు పది పంపుతారు, డబ్బా ఎప్పుడూ ఖాళీ కాదు. అందుకే రెండో ఏడు నుంచి "తీపి మానేద్దాం" అనే మాట వదిలేసి, "డబ్బా పెట్టొద్దు" అనుకున్నాం. పండగనాడు ఆకులో వడ్డించింది తినొచ్చు. సాయంత్రానికి మిగిలింది ఇంట్లో ఉండకూడదు. పనావిడకీ, కింద పోర్షన్ వాళ్ళకీ, వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకీ పంచేస్తాం. పెద్దలకు బట్టలు పెట్టి ఆకు వేసేటప్పుడు అరిసె లేకుండా ఎట్లా అని అమ్మ బాధపడింది. ఆ ఆకులో అరిసె ఉంది, ఇప్పటికీ ఉంటుంది. దాన్ని తీసేయమని నేనెవరిని!

ఇంకో పొరపాటు కూడా చేశాం. అరిసెలు తగ్గించాం కదా అని నిప్పట్లు, మురుకులు రెట్టింపు చేసుకున్నాం. కారమే కదా, ఏమవుతుంది? బియ్యప్పిండి కూడా చివరికి గ్లూకోజే అవుతుందని నాయన మీటరు మళ్ళీ గుర్తు చేసింది.

ఇప్పుడు మొదటి ఏడు ముక్కోటినాడు జరిగింది చెప్పాలి. మీ ఇంట్లో షుగర్ మాత్రలు వేసుకునే వాళ్ళుంటే దీన్ని వదిలేయకుండా చదవండి. ఉత్తర ద్వార దర్శనానికని నాయన తెల్లవారకముందే రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథస్వామి గుడికి వెళ్ళాడు. అలవాటు ప్రకారం మాత్ర వేసుకున్నాడు. ఏకాదశి ఉపవాసం కాబట్టి ఏమీ తినలేదు. క్యూలో గంటలు నిలబడి పది దాటాక ఇంటికి వచ్చాడు. వచ్చీ రాగానే చెమటలు, చేతులు వణుకు. అడిగినదానికి పొంతన లేని జవాబులు. మీటరు చూస్తే 54. 70 కన్నా తగ్గితేనే ప్రమాదం.

అప్పుడు వంటింట్లోకి పరిగెత్తితే చక్కెర డబ్బా ఖాళీ. నేనే గర్వంగా ఖాళీ చేయించాను. బెల్లం కూడా కనపడకుండా ఎక్కడో దాచేశాం, కంగారులో ఎక్కడ పెట్టామో గుర్తు రాలేదు. మా ఆవిడ ఎదురింటికి ఉరికి గ్లాసుడు చక్కెర తెచ్చింది. మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాం. పదిహేను నిమిషాలకు 82 వచ్చింది. తర్వాత ఇడ్లీ పెట్టాం. ఉపవాసం పోయిందని ఆయన, మనిషి దక్కాడని మేము, ఇద్దరం ఏడుపు ముఖాలతోనే ఉన్నాం.

ఆయన వేసుకునేది గ్లిమిపిరైడ్. మనం తిన్నామా లేదా అన్నది ఆ మాత్రకు పట్టదు, అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. డాక్టరు తర్వాత మోతాదు మార్చారు, ఉపవాసాల గురించి ముందే చెప్పమన్నారు. ఇలాంటప్పుడు లడ్డూ, చాక్లెట్ పెట్టొద్దని కూడా చెప్పారు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల తీపి ఒంటికి ఆలస్యంగా అందుతుందట. చక్కెర నీళ్ళు గానీ గ్లూకోజ్ పొడి గానీ ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడు మా దేవుడి గూట్లో చిన్న స్టీలు డబ్బాలో చక్కెర ఉంటుంది. నాయన జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. మీరూ పెట్టుకోండి. ఉపవాసం రోజు మాత్ర ఎంత, ఎప్పుడు అనేది మీ డాక్టరునే అడగండి. నేను చెప్పానని ఆపేయొద్దు.

చుట్టాల సంగతికి వస్తాను. మా అత్తగారిది చీమకుర్తి. మొదటి ఏడు ఆవిడ పళ్ళెం నిండా బొబ్బట్లు, కజ్జికాయలు పెట్టుకుని వస్తే "వద్దత్తయ్యా, మేం మానేశాం" అని మొహాన చెప్పాను. మూడు రోజులు పొయ్యి దగ్గర కూర్చుని చేసిన మనిషి ఆవిడ. "ఏం బాబూ, మా చేతి వంట పడలేదా?" అంది. ఇంకేమీ అనలేదు, కానీ తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ సరిగ్గా నవ్వలేదు. రెండో ఏడు పండగకు పది రోజుల ముందే ఫోన్ చేశాను. "అత్తయ్యా, ఈసారి కనుమకు మీ చేతి గారెలు, నాటుకోడి పులుసు తినాలని ఉంది. తీపి మాత్రం దేవుడికి పెట్టేంత చేయండి చాలు" అన్నాను. ఆవిడ ఎంత ఉత్సాహంగా చేసిందో! పెట్టే వాళ్ళకు పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి, అది తీపే కావాలని లేదు. ఇప్పుడు మాకు సారె కూడా మారింది. వాళ్ళ వైపు కంది బాగా పండుతుంది. అరిసెల డబ్బా బదులు కందిపప్పు, వడియాలు, గోంగూర పచ్చడి పంపుతోంది. మా ఆవిడకు అదే ఎక్కువ ఇష్టం, ఆ మాట వాళ్ళమ్మతో చెప్పలేదంతే.

మిగతా ఇళ్ళలో ఫోను కుదరదు. అక్కడ పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని మేం ఆరుగురం పంచుకుంటాం. "ఇప్పుడే తిన్నాం" అనే అబద్ధం పని చేయదు, వెంటనే "అయితే పొట్లం కట్టిస్తాను" అంటారు. ఆ పొట్లమే మళ్ళీ ఇంట్లో డబ్బా అవుతుంది. టీ అయితే కలపకముందే చెప్పాలి, కలిపాక చెబితే పారబోయించినట్టు ఉంటుంది. ప్రసాదం కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటాం, దాని మీద వాదన పెట్టుకోలేదు. ఇంట్లో నైవేద్యానికి మాత్రం ఉండ్రాళ్ళు, పులిహోర, దద్దోజనం, శనగ గుగ్గిళ్ళు ఎక్కువయ్యాయి. ఇవేమీ కొత్తగా కనిపెట్టినవి కావు, మన వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నవే. ఇక నెల్లూరుకు వచ్చిన చుట్టాలకు మలై కాజా కొనివ్వకపోతే మర్యాద కాదు కదా. అది ముందురోజే ఇంటికి తేవడం మానేశాం. బస్టాండుకు పోయేటప్పుడు దారిలో కొని చేతికిచ్చేస్తాం.

పిల్లల విషయంలో నేను ఘోరంగా ఓడిపోయాను. మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ముక్క కూడా ముట్టకూడదని కట్టడి పెట్టాను. నాలుగు రోజుల తర్వాత పుస్తకాల సంచీ చుట్టూ చీమల బారు. జామెట్రీ బాక్సు తెరిస్తే వృత్తలేఖిని పక్కన సగం కొరికిన లడ్డు! తిట్టబోయి నవ్వేశాను. దాచుకుని తినే అలవాటు లడ్డు కన్నా చెడ్డదని మా ఆవిడ అంది, నాకూ నిజమే అనిపించింది. అప్పటినుంచి వాళ్ళకు పండగనాడు లెక్క లేదు, మామూలు రోజుల్లో ఇంట్లో ఉండదు, అంతే. స్నేహితుల పుట్టినరోజు చాక్లెట్ల గురించి అడగను. భోగినాడు రేగుపళ్ళు, చెరకు ముక్కలు ఉంటాయి. చెరకు నాయనే చెక్కి ఇస్తాడు, ఆ పని ఇంకెవరికీ రాదంటాడు. డిసెంబరు 31న బేకరీల ముందు షామియానాలు వేసి కేకులు అమ్ముతారు కదా, ఆ రాత్రి చిన్నది ఒకటి తెస్తాం, పన్నెండున్నరకల్లా అయిపోవాలి.

ఒక దుకాణంలో "షుగర్ ఫ్రీ" స్వీట్లు కూడా కొని చూశాం. తీపికి మాల్టిటాల్ లాంటివి వాడతారు. ఎక్కువ తింటే పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు అవుతాయి. చక్కెర లేదన్న ధైర్యంతో మేం ఎక్కువే తిన్నాం. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

నాయనకు ఈ మధ్య హెచ్‌బీఏ1సీ 7.2 వచ్చింది, నాకు 5.8. అంతా తీపి తగ్గించడం వల్లే అనను. మాత్రలు మార్చారు, ఆయన రోజూ సాయంత్రం నడుస్తున్నాడు, నేనూ నాలుగు కిలోలు తగ్గాను. మా తమ్ముడు మాత్రం ఇప్పటికీ "పండగ పూట ఇంత లెక్కేంటన్నా" అని వెక్కిరిస్తాడు. వాడి డబ్బాలు వాడింట్లో ఉన్నాయి, నేను జోక్యం చేసుకోను.

ఈ సంక్రాంతికి అరకిలో బియ్యమే నానబోస్తానని అమ్మ అంటోంది. నాయన ముప్పావు కిలో దగ్గర బేరం పెట్టాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆరువందల గ్రాముల దాకా వచ్చింది, ఇంకా తెగలేదు.