టమాటాకు నూగు, ఉల్లికి మసి

ప్రశ్న: మాస్టారూ, మాది విజయనగరంలో కూరగాయల కొట్టు. వానలు పట్టాక టమాటా ట్రేలో రాత్రికి రాత్రే తెల్లటి నూగు లేస్తోంది. ఉల్లిపాయల మీదేమో నల్లటి మసి. రెండూ ఒకటే బూజా?

జవాబు: కాదమ్మా. నూగు పట్టిన టమాటాను వెలుతురుకు పెట్టి చూడండి. తెల్లని దారాల కొసల్లో సన్నని గుండుసూది తలల్లాంటి నల్లచుక్కలుంటే అది రైజోపస్. చిట్లినచోట దూరి, తాకిన ప్రతి కాయకూ పాకుతుంది. ట్రే అడుగున నలిగిన కాయ ఒక్కటి చాలు.

ఉల్లి మీది మసి ఆస్పర్‌జిల్లస్ నైగర్. పైపొట్టు ఒలిస్తే ఈనెల వెంబడే నల్లపొడి, వేలికి కాటుకలా అంటుతుంది.

మా కాలేజీ ల్యాబులో పిల్లలచేత సెల్లోటేపు ముక్కను బూజుకి అద్దించి, కాటన్ బ్లూ అనే నీలిరంగు చుక్క వేసిన స్లైడు మీద అంటింపించేవాణ్ణి. (ఊపిరి బిగబట్టమనేవాణ్ణి, ఎవరో ఒకరు తుమ్మేవారు, ఆ పూటకి స్లైడు పోయినట్టే.) మైక్రోస్కోపులో రైజోపస్ దారాలకు అడ్డుగోడలు దాదాపు కనపడవు, అడుగున వేళ్లలాంటివి ఉంటాయి. ఆస్పర్‌జిల్లస్‌కైతే ఉబ్బిన తల, చుట్టూ బీజాల గొలుసులు.

నూగు లేకుండా కాయ జావలా కారి కంపు కొడితే మాత్రం అది చాలావరకు బాక్టీరియా పని. ట్రేల మీద తడిగోనె కప్పుతుంటే ముందు అది తీసేయండి.