దొరికిన మనిషి ఫోటో ఇంకా తిరుగుతూనే ఉంటే

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గరి పల్లె. ఉద్యోగాల వల్ల బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. మతిమరుపు జబ్బున్న మా మామగారు ఒక ఉదయం పాల ప్యాకెట్ తెస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆయన ఫోటోతో పాటు జబ్బు సంగతి, మా ఫోన్ నంబరు, ఇంటి చిరునామా వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ పెట్టాం. మూడో రోజు బంగారుపేట స్టేషన్ దగ్గర టీ కొట్టాయన ఆ ఫోటోను బట్టి గుర్తుపట్టి ఫోన్ చేశారు. ఈలోగా ఇంకొకడు 'పెద్దాయన మా దగ్గరే ఉన్నారు, బండి ఖర్చులు పంపండి' అని నాలుగు వేలు వేయించుకొని ఫోన్ ఆపేశాడు. ఫోటో ఇప్పటికీ తిరుగుతోంది, ఫోన్లు ఆగడం లేదు. ఆయన అనుమతి లేకుండా జబ్బు సంగతి బయటపెట్టడం నేరమని మా బావగారు అంటున్నారు. నిజమేనా? మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇప్పుడు ఒక చిన్నపాప కనబడడం లేదని ఫోటో వచ్చింది. దాన్ని నేను ఇతరులకు పంపవచ్చా?

జవాబు: ముందుగా మీ బావగారి మాట. మీరు చేసినది నేరం కాదు. సమ్మతి చెప్పే స్థితిలో లేని వ్యక్తి మేలు కోసం, ఆయన తరఫున అనుమతి ఇవ్వవలసిన సంరక్షకుణ్ణి అడిగే వీలు లేని పరిస్థితిలో, సద్భావంతో చేసిన పని వల్ల ఆ వ్యక్తికి కొంత నష్టం కలిగినా దానిని నేరంగా పరిగణించరాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతున్నది. పాత శిక్షాస్మృతిలో ఇదే 92వ సెక్షన్‌గా ఉండేది. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా, ఒక వ్యక్తి తన సొంత లేదా కుటుంబ అవసరానికి సమాచారాన్ని వాడుకున్న సందర్భాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. ఇల్లు తెలియక తిరుగుతున్న పెద్దాయనను వెతకడం కంటే కుటుంబ అవసరం మరొకటి ఉంటుందని నేననుకోను.

అయితే మీ బావగారి ఆక్షేపణలో కొంత బలం లేకపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. మతిమరుపు వచ్చినంత మాత్రాన మనిషికి ఆ హక్కు పోదు. మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 2017లో మానసిక అస్వస్థతకు ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తికి సంబంధించిన తీవ్ర లోపం కూడా చేరి ఉన్నది. చికిత్సాలయంలో ఉన్న అటువంటి వ్యక్తి ఫోటోను ఆయన సమ్మతి లేకుండా ప్రసార మాధ్యమాలకు ఇవ్వరాదని అదే చట్టం 24వ సెక్షన్ నిషేధిస్తున్నది. మీరు ఆస్పత్రి వారు కారు కనుక ఆ సెక్షన్ మీకు వర్తించదు. కానీ చట్టం మొగ్గు ఎటువైపు ఉన్నదో దానివల్ల తెలుస్తుంది. 'జ్ఞాపకశక్తి తక్కువ, పేరు చెప్పలేకపోవచ్చు' అన్న ఒక్క వాక్యం వెతికేవారికి అవసరం. జబ్బు పేరు, వాడే మందులు, ఆధార్ కార్డు ఎవరికీ అవసరం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, వెతకడానికని బయటపెట్టిన ఫోటోను ఆయన ఇంటికి చేరిన తరువాత అలాగే వదిలివేయడానికి మీరు చెప్పగల కారణమేదీ ఉండదు.

ఆ ఫోటోను ఆపడానికి చేయగలిగినది ఇది. ఫేస్‌బుక్‌లో మొదట పెట్టినది మీరే అయితే, దానిలోనే 'క్షేమంగా ఇల్లు చేరారు' అని మార్చి, నాలుగైదు రోజులు ఉంచి, ఆ తరువాత తొలగించండి. మూలం పోతే దానిని షేర్ చేసినవారి దగ్గర కూడా అది కనబడదు. విడిగా దింపుకొని మళ్ళీ పెట్టినవారికి వ్యక్తిగతంగా రాయండి. వారు వినకపోతే, 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సామాజిక మాధ్యమ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి కనుక, ఆ అధికారికి లింకుతో సహా ఫిర్యాదు పెట్టండి. వాట్సాప్‌లో చేతులు మారిన ఫోటోను వెనక్కి తీసుకునే మార్గం లేదు. అదే ఫోటో మీద పెద్ద అక్షరాలతో 'దొరికారు' అని రాసి, ఫోన్ నంబరూ చిరునామా చెరిపి, తెలుగులోనూ కన్నడంలోనూ అవే గ్రూపులకు మళ్ళీ పంపడం ఒక్కటే ఉపాయం. మొదటి ప్రకటనలోనే తేదీ, స్టేషన్ పేరు, ఫిర్యాదు సంఖ్య వేసి, మీ నంబరుకు బదులు స్టేషన్ నంబరు ఇచ్చి ఉంటే ఈ ఫోన్ల బాధ చాలావరకు తప్పేది. చిరునామా ఇవ్వడం వల్ల వెతుకులాటకు ప్రయోజనమేమీ లేదు. ఇంట్లో అందరూ వీధుల్లో తిరుగుతున్నారని దొంగకు కబురు పెట్టినట్లే అవుతుంది.

డబ్బు తీసుకున్నవాని పని న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయించండి. వాడి నంబరు, యూపీఐ వివరాలు, చెల్లింపు రశీదు జాగ్రత్త చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ సొమ్ము ఇంకో ఖాతాకు మారిపోయే అవకాశం ఎక్కువ. ఇకముందు ఎవరైనా ఇలాంటి ఫోన్ చేస్తే, మనిషిని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించమని, లేదా వీడియో కాల్‌లో చూపించమని అడగండి. నిజంగా చూసినవారు ఈ రెంటికీ అభ్యంతరం చెప్పరు.

ఇక పాప ఫోటో సంగతి. పిల్లల విషయంలో చట్టం వేరు, మరింత కఠినం. తప్పిపోయిన బిడ్డ, బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం, సంరక్షణ అవసరమైన బిడ్డ అవుతుంది. అటువంటి బిడ్డకు సంబంధించిన విచారణను గురించి రాసేటప్పుడు పేరు, చిరునామా, బడి, ఫోటో ఏ రూపంలోనూ వెల్లడించరాదని 74వ సెక్షన్ అంటున్నది. ఉల్లంఘనకు 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. బిడ్డ మేలు కోసమైతే బాలల సంక్షేమ కమిటీ కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. కనుక నా సలహా ఏమంటే, పోలీసులు విడుదల చేసిన ప్రకటనైతే దానిని ఉన్నదున్నట్లు, మీ వ్యాఖ్య ఏదీ చేర్చకుండా పంపండి. ఎవరో తయారుచేసినదైతే పంపవద్దు. అందులోని స్టేషన్‌కు ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కోండి. స్టేషన్ పేరే లేకపోతే, పంపినవారిని ఫిర్యాదు ఇచ్చారా అని అడగండి. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు రాగానే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, అపహరణగానే భావించి దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో ఆదేశించింది. కొంతసేపు చూసి రమ్మని తల్లిదండ్రులను తిప్పి పంపే అధికారం స్టేషన్‌కు లేదు.

పాప దొరికిన తరువాత, ఆమె మీద లైంగిక నేరం జరిగిందని తేలితే, అప్పటిదాకా మేలు చేసిన ఆ ఫోటోయే, బాధిత బిడ్డ ఎవరో తెలిసేలా మాధ్యమాలలో వివరాలు పెట్టరాదన్న పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక) చట్టం 23వ సెక్షన్ నిషేధించిన పని కిందికి రావచ్చు. పిల్లల ఫోటోను పంపినవారు, ఆ బిడ్డ దొరికిన రోజే దానిని తీసివేయాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఫోటో పక్కన 'ఇతని మీద అనుమానం' అని మరొకరి ముఖం చేర్చిన ప్రకటన వస్తే దానిని ఎట్టి పరిస్థితిలోనూ ముట్టవద్దు. అది న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కావచ్చు, కానీ నా భయం అది కాదు. 2018 మే నెలలో పిల్లల దొంగ అన్న వదంతిని నమ్మి ఇదే బెంగళూరులో, కాటన్‌పేట ప్రాంతంలో, రాజస్థాన్ నుంచి వచ్చిన యువకుణ్ణి గుంపు కొట్టి చంపింది. ఆ జులైలో బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు అదే విధంగా ప్రాణం పోగొట్టుకున్నారు. వారి కారు వెళ్తున్న దారిలోని ఊరికి వాట్సాప్ సందేశం ముందే చేరింది.

మీకే ఎక్కడైనా ఒంటరి బిడ్డ కనబడితే ఫోటో తీసి గ్రూపులో పెట్టకండి. పిల్లల సహాయ నంబరు 1098కి గాని అత్యవసర నంబరు 112కి గాని ఫోన్ చేయండి, లేదా దగ్గరి స్టేషన్‌కు తీసుకువెళ్ళండి. బాలల న్యాయ చట్టం 32వ సెక్షన్ ప్రకారం, అటువంటి బిడ్డను చేరదీసినవారు, ప్రయాణ సమయం పోను, 24 గంటలలోగా తెలియజేయాలి, తెలియజేయకపోవడమే నేరం.

చివరిగా, మామగారు దొరికిన సంగతి స్టేషన్‌లో చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే ఆయన పేరు తప్పిపోయినవారి జాబితాలోనే ఉండిపోతుంది. ఆయనను వెంటబెట్టుకొని వెళ్ళి, వాంగ్మూలం ఇచ్చి, ఫిర్యాదు మూసివేసినట్లు రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన నడిచి రాలేని స్థితిలో ఉంటే, దర్యాప్తు అధికారిని ఇంటికి రమ్మని ఒక అర్జీ పెట్టండి.