ల్యాండింగ్ వేగం లెక్క ఇచ్ఛాపురం దగ్గరే మొదలవుతుంది

మీరు కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కోల్‌కతా నుంచి విశాఖకు ఒకరోజు ఎయిర్‌బస్ ఏ320, ఇంకోరోజు బోయింగ్ 737 నడుపుతున్నానన్నారు. రన్‌వే కనిపించే వేళకు కూడా వేగం 200 నాట్స్ (గంటకు సుమారు 370 కిలోమీటర్లు) కిందికి రావడం లేదనీ, బలవంతంగా తగ్గిస్తే ముక్కు పైకెత్తి కూలబడుతోందనీ, అసలు ఎంత వేగంతో దిగాలనీ అడిగారు. ఈ ప్రశ్నకు చాలామంది ‘140 పెట్టు, చాలు’ అని చెప్పేస్తారు. ఆ జవాబు నాకు నచ్చదు. 140 కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు తక్కువ, కొన్నిసార్లు ఎక్కువ. పైగా మీ ఇబ్బందికి అసలు కారణం ఆ అంకె కాదు, అక్కడికి చేరే దారి.

ముందు అంకె సంగతి. దిగే వేగాన్ని నిర్ణయించేది బరువు. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దిగే పలకలు) 30తో 737-800కు వీరెఫ్, అంటే దిగడానికి ప్రామాణిక వేగం, 50 టన్నుల దగ్గర సుమారు 129 నాట్స్, 60 టన్నుల దగ్గర సుమారు 142. ఏ320 పూర్తి ఫ్లాప్స్‌తో అదే బరువుకు ఇంకొంచెం నెమ్మదిగా దిగుతుంది. సిమ్యులేటర్‌లో చాలామంది ట్యాంకులు నిండా నింపి గంటన్నర ప్రయాణానికి బయలుదేరతారు. విశాఖ చేరేసరికి పదిహేను టన్నులకు అటూ ఇటూగా ఇంధనం అలాగే మిగిలి ఉంటుంది. ఈ రెండు విమానాలకూ గరిష్ఠ ల్యాండింగ్ బరువు సుమారు 66 టన్నులే. అంత బరువుతో దిగుతూ 140 పట్టుకుంటే ముక్కు పైకి లేవక ఏం చేస్తుంది? ఇంధనం అవసరమైనంతే నింపండి. 737లో ఎఫ్ఎంసీ (విమానంలోని కంప్యూటర్) అప్రోచ్ పేజీలో బరువును బట్టి వచ్చే వీరెఫ్‌ను ఎంచుకుని, దానికి 5 కలిపి ఆటోపైలట్ ప్యానెల్ మీది వేగం కిటికీలో మీరే పెట్టాలి. ఏ320లో కంప్యూటర్ పెర్ఫ్ పేజీలో గాలి, ఉష్ణోగ్రత, పీడనం వేస్తే వీ-యాప్‌ను, అంటే చివరి వేగాన్ని, అదే లెక్కగడుతుంది.

ఇక దారి. నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటాను. కోల్‌కతా నుంచి విశాఖకు మ్యాపు మీద గీత గీస్తే అది మా ఊరిని దాదాపు తాకుతూ, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం మీదుగా పోతుంది. అందుకే ఈ దారిలో గుర్తులన్నీ నాకు కంఠతా వచ్చు. వదులుకోవాల్సిన ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో గుణిస్తే దిగడానికి కావలసిన నాటికల్ మైళ్ళు వస్తాయి. 35,000 అడుగులకు 105, వేగం తగ్గించుకోవడానికి మరో పది, మొత్తం 115. ఇచ్ఛాపురం నుంచి విశాఖ విమానాశ్రయం దాదాపు అంత దూరమే. కుడివైపు మహేంద్రగిరి కనిపిస్తున్నప్పుడు మీరింకా 35,000లోనే సాగుతుంటే ఆలస్యమైందన్నమాటే. శ్రీకాకుళం దగ్గర సుమారు 14,000 అడుగుల్లో ఉండాలి. 10,000 కిందికి వచ్చేలోపు వేగం 250కి తగ్గాలి. 28వ రన్‌వేకైతే సముద్రం మీదికి చుట్టి పడమటి ముఖంగా రావాలి కాబట్టి ఇంకొన్ని మైళ్ళు చేతికి దొరుకుతాయి.

జెట్ విమానం దిగడమూ, వేగం తగ్గడమూ రెండూ ఒకేసారి చేయదు. ఫ్లాప్స్ లేకుండా మూడు డిగ్రీల వాలులో ఇంజన్లను ఐడిల్‌లో (కనిష్ఠ శక్తిలో) వదిలినా వేగం దాదాపు అలాగే ఉంటుంది. తప్తపాణి ఘాట్‌లో న్యూట్రల్‌లో వదిలిన జీపును తలచుకోండి. కాబట్టి గ్లైడ్‌స్లోప్ (రన్‌వేకు దారి చూపే రేడియో వాలు) అందుకునే ముందు కొన్ని మైళ్ళు సమంగా ఎగరాలి, అక్కడే తగ్గాలి. నేను పాటించే వరస ఇది: రన్‌వేకు 15 మైళ్ళ దగ్గర 210, పది మైళ్ళ దగ్గర 180, గ్లైడ్‌స్లోప్‌ను కింది నుంచి అందుకోవడం, 2,000 అడుగుల దగ్గర చక్రాలు, ఆపై మిగిలిన ఫ్లాప్స్, నాలుగు మైళ్ళ వరకు 160, అక్కడి నుంచి చివరి వేగం. వెయ్యి అడుగుల దగ్గర అన్నీ కుదురుకుని ఉండాలి. లేకపోతే గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచి చుట్టి రావడం. సిమ్యులేటర్‌లో గో-అరౌండ్‌కు ఇంధనం ఖర్చు లేదు, కంపెనీ సంజాయిషీ అడగదు, అయినా ఎవరూ చేయరు! ఇచ్ఛాపురం నుంచి మా ఇంటికి వచ్చి నడిపే కుర్రాడికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. రన్‌వే కనిపించిందంటే వాడిక ఆగడు.

ఒకవేళ ఎత్తూ వేగమూ రెండూ మిగిలిపోతే అందరూ స్పీడ్‌బ్రేక్ (రెక్కల మీద లేచే పలకలు) లాగుతారు. దానికన్నా చక్రాలు ఎక్కువ పని చేస్తాయి. ఏ320లో 250 నాట్స్, 737లో 270 నాట్స్ వరకు వాటిని దించవచ్చు. ఫ్లాప్స్ పరిమితులు బట్టీ పట్టనవసరం లేదు, వేగం పట్టీ మీదే కనిపిస్తాయి. ఏ320లో పూర్తి ఫ్లాప్స్‌కు 177, 737లో ఫ్లాప్స్ 30కి 175 గుర్తుంటే చాలు.

ఏ320తో మీ తంటాకు ఇంకో కారణం ఉండవచ్చని నా అనుమానం. వేగం నాబ్‌ను నొక్కి మేనేజ్డ్‌లో (వేగాన్ని కంప్యూటర్‌కే వదిలే పద్ధతిలో) ఉంచినా, అప్రోచ్ ఫేజ్ (దిగే దశ) మొదలుకాకపోతే విమానం 250నే పట్టుకుని కూర్చుంటుంది. ఫ్లైట్‌ప్లాన్‌లోని డిసెల్ (వేగం తగ్గడం మొదలయ్యే) బిందువు మీదుగా వెళ్తే అదే మొదలవుతుంది. మీరు హెడింగ్ తిప్పుకుంటూ చుట్టి వస్తే మొదలు కాకపోవచ్చు. అప్పుడు పెర్ఫ్ పేజీలో ‘యాక్టివేట్ అప్రోచ్ ఫేజ్’ను రెండుసార్లు నొక్కాలి. ఇకపై మీరు ఫ్లాప్స్ దించేకొద్దీ గ్రీన్ డాట్, ఎస్, ఎఫ్ అనే మెట్ల మీదుగా చివరికి వీ-యాప్ వరకు లక్ష్యం దానంతటదే దిగుతుంది. ఎదురుగాలి పెరిగినప్పుడు ఆ లక్ష్యం కొన్ని నాట్స్ పైకి పోతే కంగారు పడకండి, ఎయిర్‌బస్ కావాలనే అలా చేస్తుంది. 737లో ఆటోథ్రాటిల్ (ఇంజన్ శక్తిని తానే సర్దే వ్యవస్థ) తీసేసి దిగేటప్పుడైతే ఎదురుగాలిలో సగం, దానికి గస్ట్ (గాలి విసురు) మొత్తం మీరే వీరెఫ్‌కు కలుపుకోవాలి. కలిపేది 5కు తగ్గకూడదు, 15 దాటకూడదు.

ముక్కు పైకెత్తి కూలబడటం గురించి. పైనుంచి ఐడిల్‌లోనే వచ్చి, వేగం 140కి పడ్డాక కూడా థ్రాటిల్ ముట్టుకోకపోతే జరిగేది అదే. చక్రాలు, ఫ్లాప్స్ అన్నీ దిగాక ఆ వేగం నిలవాలంటే ఇంజన్లు గరిష్ఠ వేగంలో సగానికి అటూ ఇటూగా తిరుగుతూ ఉండాలి. వీరెఫ్ కన్నా కిందికి జారితే గాలి అడ్డు తగ్గదు సరికదా పెరుగుతుంది. ఐడిల్ నుంచి ఇంజన్ పూర్తిగా పుంజుకోవడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది, ఆలోపు నేల వచ్చేస్తుంది. 2013 జూలై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏసియానా 777కు జరిగింది ఇదే: ఉండాల్సిన వేగం 137, ఆటోథ్రాటిల్ చూసుకుంటోందనుకున్నారు, అది చూసుకోలేదు, వేగం 103 దాకా పడిపోయింది.

ఎక్కువ వేగం వల్ల ప్రమాదం కాస్త ఆలస్యంగా బయటపడుతుంది. పది శాతం ఎక్కువ వేగంతో దిగితే ఆపాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది, తేలిపోతూ వృథా అయ్యే రన్‌వే అదనం. తోకగాలి ఉంటే మరీను. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో వర్షంలో, తోకగాలితో దిగిన 737 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగులు దాటాక గానీ నేల తాకలేదు. 21 మంది పోయారు. విశాఖ రన్‌వే మూడు కిలోమీటర్లు దాటి ఉంటుంది కనుక అక్కడ ఆ తేడా మీకు తెలియదు. భువనేశ్వర్‌లో కొంత తెలుస్తుంది. (మా ఊరి రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ మీద ఏ320 దింపవచ్చా అని అడగకండి. అది చిన్న విమానాల స్థలం.)

చివరి వేయి అడుగుల్లో మీ దిగుడు రేటు చూసుకోండి. నేల మీది వేగాన్ని ఐదుతో గుణిస్తే రావాల్సిన అంకె వస్తుంది: 140కి నిమిషానికి 700 అడుగులు. అది 1,000 దాటుతుంటే వాలు తప్పినట్టే. 15 మైళ్ళ దగ్గర ఫ్లైట్‌ను సేవ్ చేసి పెట్టుకుంటే ప్రతిసారీ కోల్‌కతా నుంచి రానవసరం లేదు.

ఇంత చేసినా వేగం నిలవకపోతే జాయ్‌స్టిక్ అమరికలు చూడండి. పాత థ్రాటిల్ లివర్ పూర్తిగా వెనక్కి లాగినా రెండు మూడు శాతం దగ్గరే ఆగితే ఇంజన్లు ఐడిల్‌కు చేరవు, ఏ వరసా పనిచేయదు. అదీ సరిగ్గా ఉంటే, దిగేటప్పటి మీ బరువెంత, పది మైళ్ళ దగ్గర వేగం, ఎత్తు ఎంత, ఈ మూడూ రాయండి. వాటిని చూస్తే ఎక్కడ తప్పుతోందో చెప్పగలను.